ఇది యాడ చూశావమ్మా?

సంక్రాంతి సెలవుల్లో ఒక తల్లీ కూతురూ మా ఇంటికొచ్చారు. ఆ పిల్ల హైస్కూల్లో నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకుంది. ఇప్పుడు బయట ఊళ్లో డిజైన్ కోర్సు, రెండో ఏడు. గొట్టంలా చుట్టిన పెద్ద కాగితం చంకలో పెట్టుకొని గుమ్మంలోనే నిలబడింది. తల్లే మొదలుపెట్టింది.

"సార్, మీరన్నా చెప్పండి దీనికి. ఈ బొమ్మ మీద ఎవరి ప్రభావం ఉందో రెండు పేజీలు రాసుకురమ్మన్నారంట కాలేజీలో. ఎవరో అమెరికా ఆయన పేరు పెట్టుకుంది. ఆయన సంగతి దీనికే సరిగ్గా తెలవదు. నన్నడిగితే నేనేం చెప్తా?"

కాగితం మంచం మీద పరిచాం. దుప్పటి కోసం వేసిన డిజైను. అడ్డంగా పట్టీలు. పైన లేత నిమ్మపండు పసుపు, దాని కింద ముదురు పసుపు, ఆ తర్వాత నారింజ వైపు తిరిగిన పసుపు, ఇటుక రంగు, అట్టడుగున కాఫీ గింజ రంగు. పట్టీల అంచులు తిన్నగా లేవు. అక్కడక్కడా చిరిగినట్టు, మడత పడినట్టు ఉన్నాయి. కింద మూలన మార్క్ రోత్కో పేరు. పెద్ద పెద్ద కాన్వాసుల మీద రంగుల పలకలు ఒకదానికింద ఒకటి పేర్చినట్టు వేసిన చిత్రకారుడాయన, 1970లో పోయాడు. పోలిక లేకపోలేదు.

"ఆయన బొమ్మలు ఎప్పుడు చూశావు?" అన్నాను.

"ఇది అయిపోయాక ఫోన్లో రెండు చూశా సార్. ఇది అచ్చం రోత్కోలాగా ఉంది, ఆయన పేరు రాసెయ్ అని మా సీనియర్ చెప్పింది."

"మరి ఈ రంగులు ఎక్కడివి?"

"ఊరికే వచ్చినాయి."

తల్లి అప్పటిదాకా కాగితం వైపు సరిగ్గా చూడలేదు. ఇప్పుడు వంగి, పై పట్టీ నుంచి కింది పట్టీ దాకా చూపుడువేలితో ఒక్కొక్కటే తాకుతూ వచ్చింది. "ఊరికే రావడమేందే? ఇది మన ఆకు గదా!" అంది.

మా కనిగిరి చుట్టుపక్కల వాళ్లకు 'ఆకు' అంటే పొగాకే. ఊళ్లో వేలం కేంద్రం ఉంది, పల్లెల్లో పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లున్నాయి. బ్యారన్లోంచి దించిన వర్జీనియా ఆకును ఆడవాళ్లు చుట్టూ కూర్చుని రంగును బట్టి, నాణ్యతను బట్టి వేరు చేస్తారు. నిమ్మపండు రంగుది ఒక కుప్ప, నారింజ రంగుది ఇంకో కుప్ప, మచ్చపడినది వేరే, మాడినది వేరే. బయటివాడికి అంతా ఒకటే పసుపు. ఆ పనే చేసే ఈ తల్లికి మాత్రం నాలుగైదు రకాల పసుపులు కనిపిస్తాయి. వేలంలో ధర పలికేది ఆ తేడాను బట్టే. ఈ పిల్ల నడక రాని రోజుల్లో ఆ కుప్పల పక్కనే గోనెపట్టా మీద పడుకునేదట. పెద్దయ్యాక బడి వదలగానే అక్కడికే పోయి అమ్మ కోసం కూర్చునేది. ఇరవై ఏళ్ల చూపు కాగితం మీదికి దిగితే, దానికి సముద్రం అవతలి పేరు పెట్టుకొచ్చింది.

తప్పు ఆ పిల్లది కాదు. నీ బొమ్మ మీద ఎవరి ప్రభావం ఉందని అడిగితే, పుస్తకంలో అచ్చయిన పేరే చెప్పాలని మనమే నేర్పాం. అమ్మ పేరు చెబితే మార్కులు పడవని అనుకుంది పాపం.

తల్లిదండ్రులతో నేను మాట్లాడదలచింది ఈ సంగతే. పిల్లలు బొమ్మ వేసి తెచ్చి చూపించినప్పుడు మన నోటి నుంచి సాధారణంగా రెండు మాటలే వస్తాయి. ముద్దొస్తే "అబ్బ, ఎంత బాగుందో". పరీక్షలు దగ్గర పడితే "ఇదంతా దేనికి, లెక్కలు చేసుకోరాదూ". రెండింటితోనూ మాట అక్కడికి తెగిపోతుంది. మెచ్చుకున్నా, తిట్టినా పిల్ల కాగితం మడిచి వెళ్లిపోతుంది. ఈసారి ఆ రెండూ మానేసి "ఇది యాడ చూశావమ్మా?" అని అడిగి చూడండి. పోలీసు అడిగినట్టు కాదు, తోటలో కొత్త పిట్ట కనపడితే అడిగినట్టు. మొదట చాలామంది ఈ పిల్లలాగే "ఊరికే" అంటారు. తొందరపడకండి. పక్కన కూర్చుని మీరూ ఆ కాగితం చూడండి. ఆ జవాబు చాలాసార్లు పిల్లలకన్నా ముందు మీకే తడుతుంది. వాళ్లు చూసినవి మీరూ చూశారు కదా.

ఈ మాట నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది. తెలియక చేసిన ఒక పని చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎనిమిదో తరగతి పిల్లలకు చీర అంచు గీసుకురమ్మని ఇంటిపని ఇచ్చాను. అందరూ మామిడి పిందెలు, హంసలు, తీగలు తెచ్చారు. ఒక పిల్లవాడు మాత్రం చుక్కల వరస, నిచ్చెన మెట్లలాంటి గీతలు, మధ్యమధ్యలో తోక ఎత్తిన తేలు తెచ్చాడు. చుక్కలు ఎంత కుదురుగా ఉన్నాయంటే, ఆ వయసు పిల్లవాడికి తట్టే అమరిక కాదనిపించింది. ఏదో డిజైన్ల పుస్తకం మీద పల్చటి కాగితం పెట్టి దించాడనుకున్నాను. ఎర్ర సిరాతో 'కాపీ' అని రాసి ఇచ్చేశాను. వాడు ఒక్క మాట అనలేదు. తెల్లారి మామిడి పిందెలు గీసి తెచ్చాడు. పదికి ఏడు వేశాను.

ఆ ఏడాదే ఏదో పనిమీద వాళ్ల పల్లెకు పోయాను. మంచం వాల్చి కూర్చోబెట్టి, వాళ్ల నాయనమ్మ చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. చెంబు అందుకుంటుంటే ముసలమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు కనపడింది. చుక్కల వరస, నిచ్చెన మెట్లు, తోక ఎత్తిన తేలు. వయసుతో చర్మం ముడతలు పడి చుక్కలు కొంచెం జరిగిపోయాయి. పిల్లవాడి బొమ్మలో ఆ ముడతల్లేవు. ముడతలు తీసేసి, ఆమె పడుచు వయసులో ఆ చెయ్యి ఎట్టా ఉండేదో అట్టా గీశాడన్నమాట. నీళ్లు గొంతు దిగలేదు నాకు.

"అప్పుడే చెప్పొచ్చు కదరా" అంటే, "నాయనమ్మ చెయ్యి చూసి గీస్తే కాపీనే గదా సార్" అన్నాడు.

వాడికి సారీ చెప్పానా అంటే, ఆ రోజుల్లో అయ్యవార్లు సారీలు చెప్పేవాళ్లు కాదు. మార్కు మాత్రం దిద్దాను. ఆ నోటుబుక్కులో ఎర్ర సిరా మరక అట్టాగే ఉండిపోయింది.

చెంబు మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 1958లో చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు, పేరున్న డిజైనర్లు, మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. దాని ఊపుతోనే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ, అంటే ఎన్ఐడీ, పుట్టింది. ఆ నివేదికలో వాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది తాజ్‌మహల్‌ని కాదు, మన ఇత్తడి చెంబును. నీళ్లు ఎన్ని పట్టాలి, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు తూగాలి, చంకలో ఎట్టా ఒదగాలి, అరచేతిలో ఎట్టా ఇమడాలి, వంచితే ధార ఎట్టా పడాలి, బూడిదతో తోమడానికి లోపలికి చెయ్యి పడుతుందా అని ఇట్టాంటివన్నీ తరాలుగా ఆలోచించుకుంటూ వచ్చినందువల్లే దానికి ఆ ఆకారం వచ్చిందని వాళ్లకు అర్థమైంది. మనం ఆ చెంబుల్ని పాత సామాన్లవాడికి తూకానికి వేసి ప్లాస్టిక్ మగ్గులు కొన్నాం. సరేలెండి, ఆ ఏడుపు ఇప్పుడెందుకు.

ఇక కాపీ సంగతి. తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "మావాడు సొంతంగా ఏమీ వెయ్యడు సార్, ఎప్పుడూ చూసే వేస్తాడు." చూసి వెయ్యనివ్వండి. చూసి వెయ్యకుండా చెయ్యి తిరిగినవాళ్లు ఎవరూ లేరు. నా చిన్నప్పుడు వారపత్రిక రాగానే కథ చదవకుండా బాపు బొమ్మ ముందేసుకుని కూర్చునేవాణ్ణి. జడ వచ్చేది, పరికిణీ కుచ్చెళ్లు వచ్చేవి. ముక్కూ పెదవీ మాత్రం ఆయనకు ఒక్క గీతలో వచ్చేస్తే నాకు పది గీతల్లోనూ వచ్చేవి కావు. లా చదివిన మనిషి అంత తక్కువ గీతలతో అమ్మాయి అలకను ఎట్టా పట్టుకున్నాడో నాకు ఈనాటికీ అంతు పట్టలేదు. కానీ ఎందుకు రావట్లేదు అని వందసార్లు గీసినందువల్లే గీత అంటే ఏమిటో తెలిసింది.

1887లో పారిస్‌లో ఉండగా వాన్ గోహ్ కూడా ఈ పనే చేశాడు. హిరోషిగే అనే జపాను చిత్రకారుడి అచ్చుబొమ్మ తీసుకుని, మన పిల్లలు చేసినట్టే గళ్లు గీసుకుని, ప్లమ్ తోటను మక్కీకి మక్కీ దించాడు. చుట్టూ అంచులో తనకు చదవడం రాని జపాను అక్షరాలు కూడా ఎక్కించాడు. కానీ రంగులు మాత్రం తన ఇష్టం వచ్చినంత ముదురుగా వేసుకున్నాడు. తర్వాతి బొమ్మల్లో ఆ జపాను తోట ఎక్కడా కనపడదు గాని, దాన్నుంచి నేర్చుకున్న చూపు ప్రతి చెట్టులోనూ ఉంటుంది.

అంత దూరం ఎందుకు, మన చీరాలకు రండి. చీరాల పేరు చెబితే గుర్తొచ్చే తేలియా రుమాలు ఉంది కదా, నూలును ఆముదపు కాయల బూడిదతోనూ నూనెతోనూ నానబెట్టి, ఎరుపూ నలుపూ తెలుపుల్లో నేసేది. ఎక్కువగా అరబ్బు దేశాలకు పోయేది, తలకు చుట్టుకోవడానికి. మొదట్లో గళ్లూ చతురస్రాలూ తప్ప వేరే ఉండేవి కావు. తర్వాత తర్వాత అందులో సింహాలు వచ్చాయి, గడియారాలు వచ్చాయి, ఏకంగా విమానాలు వచ్చాయి. మగ్గం ముందు కూర్చున్న మనిషికి తన కాలంలో కంటికి వింతగా కనపడినదల్లా నేతలోకి ఎక్కింది. అది ఎవరి ప్రభావం? విమానాన్ని కనిపెట్టినవాళ్లదా, చీరాల సాలెవారిదా?

బందరు కలంకారీ కథ ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. పర్షియా కొనుగోలుదారులకు నచ్చేట్టు అక్కడి పూలతీగలు, వాళ్ల చెట్లు మన అద్దకంలోకి వచ్చి మన సొంతమైపోయాయి. ఆ గుడ్డలు ఓడలెక్కి యూరపు పోతే అక్కడి ఆడవాళ్లు ఎగబడ్డారు. వాళ్ల నేతగాళ్లు గగ్గోలు పెడితే 1721లో బ్రిటన్ పార్లమెంటు అద్దకపు నూలుగుడ్డలు కట్టుకోవడాన్నే నిషేధించింది. అయినా అక్కడి అద్దకాలవాళ్లు ఆ పూలను కాపీ కొట్టడం మానలేదు. కాబట్టి పిల్లవాడు ఎవరి పువ్వునో చూసి వేశాడని కంగారు పడకండి. పువ్వులు ఎప్పుడూ ఊళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. చూసి వేసినప్పుడు ఎవరిది చూసి వేశాడో కింద రాయమనండి. వెనకటి పిల్లలు నోటుబుక్కుల్లో బుద్ధిగా 'బాపు బొమ్మ చూసి' అని రాసుకునేవాళ్లు. ఆ మూడు మాటలు రాయడం మానేస్తేనే అది దొంగతనం. ఇంట్లో ఇది అలవాటైతే, రేపు కాలేజీలో ప్రభావాల గురించి రాయమన్నప్పుడు తడుముకోవాల్సిన పని ఉండదు. ఆ అలవాటు లేకే మన పొగాకు పిల్ల రోత్కోని అరువు తెచ్చుకుంది. ఒకరిది తనదని చెప్పుకోవడం ఎంత తప్పో, తనదాన్ని తీసుకుపోయి ఇంకొకరికి కట్టబెట్టడమూ అంత తప్పే. నాకైతే రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

పెద్దవాళ్లు ఇందులో ఎంతవరకు కలగజేసుకోవాలి? దీనికి రాజమండ్రిలో మంచి ఉదాహరణ ఉంది. అక్కడి కాలేజీకి ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాలుగా ఉండేవాడు. దామెర్ల రామారావు అనే కుర్రవాడి చేతిలో బొమ్మ ఉందని కనిపెట్టాడు. నువ్వు లండన్ వాళ్లలాగా వెయ్యి అనలేదు. అజంతా చూడమన్నాడు. బొంబాయి జేజే స్కూలుకు పంపడానికి దారి చూపాడు. ఆ కుర్రవాడు యూరపు పద్ధతిలో మనిషి ఒళ్లు గీయడం నేర్చుకుని, దాంతో గోదావరి ఒడ్డు మనుషుల్ని వేశాడు. 1925లో మశూచి సోకి 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. ఆయన బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి. గోదావరి రైలెక్కే పని పడితే పిల్లల్ని తీసుకుపోయి చూపించండి. ఒక పూట చాలు.

తోట వైకుంఠం సంగతీ అంతే. కరీంనగర్ పల్లె బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు ఊళ్లోకి నాటకాల వాళ్లు వస్తే, ఆడవేషం కట్టిన మగవాళ్ల ముఖం రంగులూ అలంకారాలూ చూస్తూ ఉండిపోయేవారట. బరోడాలో చదువుకోబోతే కేజీ సుబ్రమణ్యన్ వంటి గురువు దొరికారు. ఇవాళ దేశమంతా గుర్తుపట్టే ఆ నిండు బొట్టు, ఎర్రచీర, నల్లటి ఒంటి తెలంగాణ ఆడమనిషి బరోడా పుస్తకాల్లోంచి రాలేదు. అట్టా అని బరోడా లేకుండా కూడా రాలేదు. పల్లెలో చూసినదాన్ని కాగితం మీదికి తేవడానికి చదువు కావాలి. చదువు పల్లెను మరిపించకుండా చూసుకోవాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లే.

"మా కనిగిరిలో చూడ్డానికి ఏముంది సార్" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకు వస్తుంది. బళ్లో మీరు దిద్దిన పలక ఎక్కడిది? మార్కాపురం కొండల్లో పొరలు పొరలుగా ఊడొచ్చిన రాయి. ఆ పలక నలుపు ఉత్త నలుపు కాదు, నీళ్లు చల్లితే నీలం తేలుతుంది. చీమకుర్తి గ్రానైటులో నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. గెలాక్సీ అని పేరు పెట్టి దేశదేశాలు కొనుక్కుపోతున్నాయి. మన పిల్లలకు అది గుడి మెట్టు, బ్యాంకు గుమ్మం. ఎప్పుడైనా ఎండ వాలుగా పడే వేళ ఆ మెట్టు మీద కూర్చోబెట్టి నిదానంగా చూడమనండి. అటు ఉదయగిరి వైపు పోతే అడవి కొయ్యతో చెంచాలూ గరిటెలూ చెక్కేవాళ్లున్నారు. ఇటు గుంటూరు వైపు పోతే కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఆడకూలీలు ఎర్ర కాయల్లోంచి తాలు కాయలు ఏరుతుంటారు. రంగు తేడా పట్టుకోవడం అక్కడా కూలీ పనే. కాలేజీలో దాన్నే కలర్ థియరీ అని సెమిస్టరు పొడుగునా చెబుతారు.

శివరాత్రికి కోటప్పకొండ పోయినవాళ్లు ప్రభలు చూసే ఉంటారు. కర్రలూ వెదుళ్లూ కట్టి, గుడ్డలూ రంగు కాగితాలూ చుట్టి, వేల దీపాలు పెట్టి వంద అడుగుల దాకా నిలబెడతారు. ఇంజనీరు గీసిచ్చిన ప్లానేమీ ఉండదు. గాలికి ఊగాలి, పడకూడదు. బండి మీద కదలాలి, దూరానికి కనపడాలి. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు పుస్తకాల బీరువా డిజైన్ చేస్తూ ప్రభ కట్టిన పద్ధతిలోనే అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా కర్రలు అమర్చాడు. ఎక్కడ చూశావురా అంటే తడుముకోకుండా చెప్పాడు, వాళ్ల మామ భుజాల మీద కూర్చుని చూశాడట. అట్టాంటి జవాబు ఒక్కటి వింటే అయ్యవారి జీతం గిట్టుబాటైనట్టే.

ఇప్పుడు ఫోను. ఫోను లాక్కోమని నేను చెప్పను. నా చిన్నప్పటి వారపత్రిక ఇప్పుడు వాళ్లకు ఫోను. తేడా ఒక్కటే. వారపత్రికలో వారానికి ఒక బాపు బొమ్మ వచ్చేది. ఫోనులో నిమిషానికి నలభై వస్తాయి, ఒక్కటీ కంట్లో నిలవదు. రోజుకు ఒక్క బొమ్మ ఎంచుకోమనండి. దాన్నే పదిహేను నిమిషాలు చూడమనండి. వేసినవాళ్ల పేరు, ఊరు వెతకమనండి. దొరక్కపోతే ఆ బొమ్మ వదిలేసి ఇంకోటి పట్టుకోమనండి. 2025లో ఇంటిల్లిపాదీ ఫోటోలు కృత్రిమ మేధకు ఇచ్చి ఘిబ్లీ బొమ్మలు చేయించుకున్నాం గుర్తుందా? మా ఇంట్లోనూ చేయించారు, ముద్దుగానే ఉంది. దాని పక్కనే ఆ జపాను ఘిబ్లీ స్టూడియోవాళ్ల సినిమా ఒకటి పిల్లలతో కూర్చుని చూస్తే, గడ్డిపోచ గాలికి వంగడానికి ఎన్ని బొమ్మలు చేత్తో గీశారో వాళ్లకే తెలుస్తుంది. యంత్రం ఒక బొమ్మ తయారుచేసి ఇస్తే తప్పు లేదు. కానీ "ఇది యాడ చూశావు?" అని అడిగితే దాని దగ్గర సమాధానం ఉండదు. మీ పిల్లల దగ్గర ఉండాలి.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉంటుంది. తెల్లారితే ప్రాజెక్టు ఇవ్వాలనగా రాత్రి తొమ్మిదింటికి స్టేషనరీ షాపుకు పరిగెత్తి థర్మాకోల్ మోడలు కొనుక్కొచ్చే తండ్రులు, పిల్ల నిద్రపోయాక కూర్చుని రంగులు దిద్దే తల్లులు నాకు బాగా తెలుసు. ప్రేమతోనే చేస్తారు. బళ్లో మాకు అది చూడగానే తెలిసిపోతుంది, నోరు మూసుకుని మార్కులు వేస్తాం. ఆ మార్కులు మీవి. వంకర అట్టముక్కైనా పిల్ల చేత్తో చేసిందే పంపండి.

చదువు సంగతి క్లుప్తంగా చెబుతాను. బొమ్మలు వేస్తే అన్నం పెట్టదన్న భయం పూర్తిగా తీసెయ్యలేను గాని, దారులు మునుపటికన్నా ఎక్కువే ఉన్నాయి. మన రాష్ట్రంలోనే ఎన్ఐడీ ఉంది, నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ. హైదరాబాదులో ఫ్యాషన్ చదువుకు నిఫ్ట్, ఫైన్ ఆర్ట్స్‌కు జేఎన్ఏఎఫ్ఏయూ ఉన్నాయి. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఐఐటీల్లో డిజైన్ చదవాలంటే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎన్ఐడీ ప్రవేశ పరీక్ష రెండు మెట్లు. మొదటిది కాగితం మీద, రెండోది స్టూడియోలో ఎదురుగా కూర్చోబెట్టి చేయించేది. ఆ రెండో మెట్టులో కోచింగు సెంటరులో బట్టీ పట్టిన బొమ్మ నిలబడదు. ఇది ఎందుకు ఇట్టా చేశావు అన్న ప్రశ్నకు తమ దగ్గర జవాబు ఉన్నవాళ్లే గట్టెక్కుతారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఆ ప్రశ్న విన్న పిల్లలకు అది కొత్త కాదు.

అందుకని ఒక గీతల్లేని నోటుబుక్కు కొనివ్వండి. ఖరీదైనది వద్దు, పాడవుతుందని దాచుకుంటారు. ఎక్కడికి పోయినా ఒక బొమ్మ, పక్కన తేదీ, ఊరు, ఎవరి దగ్గర చూశాడో. అత్తమ్మ ముగ్గు, లారీ వెనక అక్షరాలు, పెళ్లి పందిరి గుంజకు కట్టిన అరటిబోదె, ఏదైనా సరే. ఆ పుస్తకాన్ని పిల్లలు చూపిస్తేనే చూడండి. దాన్ని దిద్దకండి.

దిద్దవద్దని ఎందుకంటున్నానో చెబుతాను. ఒకసారి నీళ్ల మీద పోస్టరు పోటీ పెట్టారు. ఏడో తరగతి పిల్ల ఒకతె కుళాయి దగ్గర నవ్వుతున్న అమ్మాయిని వేసింది. మంచి బొమ్మ. నవ్వే పళ్ల మీద గోధుమరంగు చారలు వేసింది. మన ప్రాంతపు నీళ్లలో ఫ్లోరైడు పళ్లను ఏం చేస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తల్లి తెల్ల రంగు సీసా తీసుకొచ్చి, "పళ్లు తెల్లగా చెయ్యండి సార్, నలుగురిలో బాగుండదు" అంది. ఆమె మాట్లాడుతుంటే నేను ఆమె పళ్ల వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. ఆ పిల్ల మాత్రం దాపరికం లేకుండా చూసి వేసింది, అమ్మ నవ్వును. ఆ మాట ఆమెకు ఎట్టా చెప్పాలో తెలియక, రంగు ఆరిపోయింది, ఇంకో పూత వేస్తే కాగితం చిరుగుతుందని అబద్ధం ఆడాను. పోటీలో బహుమతి రాలేదు. తల్లి ఆ పోస్టరును ఇంట్లో తలుపు వెనక అంటించుకుందని తర్వాత తెలిసింది.

సంక్రాంతికి వచ్చిన మన పొగాకు పిల్ల తిరిగి పోయేముందు రెండు పేజీలూ మళ్లీ రాసుకుంది. రోత్కో పేరు కొట్టెయ్యలేదు, కొట్టెయ్యమని నేనూ చెప్పలేదు. 'డిజైన్ అయిపోయాక చూశాను, పోలిక ఉంది' అని ఒక్క వాక్యం ఉంచింది. మిగతాదంతా ఆకు గ్రేడింగు గురించే. వివరాలు అమ్మ చెబుతుంటే రాసుకుంది. ఏ పసుపును ఏ కుప్పలో వేస్తారన్న దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. పిల్ల వేసిన మూడో పట్టీ నారింజలోకి రాదని తల్లి, వస్తుందని కూతురు. చివరికి ఇంటి నుంచి ఎండుటాకులు నాలుగు తెచ్చి కాగితం మీద పెట్టి చూశారు. తల్లిదే గెలుపు. పిల్ల ఆ పట్టీని మళ్లీ కలిపి వేసుకుంది.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, ఒక ఆదివారం సీఎస్ పురం మీదుగా భైరవకోన పోయిరండి. కొండ తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, పల్లవుల నాటి పద్ధతి. పెద్దవాళ్లు దండం పెట్టుకుని, జలపాతం దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు అట్టా చెయ్యకండి. పులిహోర కట్టుకుపోండి, పొద్దున్నే పోండి. స్తంభాల అడుగున సింహాలున్నచోట పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక్క సింహాన్ని ఎంచుకోమనండి. ఎండలోంచి గుహలోకి పోతే మొదట ఏమీ కనపడదు. చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఆగాలి. మీరు కూడా పక్కన కూర్చోండి, ఇంటికి పోదాం పదమని అనకండి. పెన్సిలు రెండు చెక్కి ఇవ్వండి. రబ్బరు మాత్రం ఇంట్లోనే వదిలేసి రండి.